86 వరద సీన్లకి చచ్చిన గేదె, కూలే పాక కావాలి. చేతిలో 60 వేలున్నాయి

లంకపడవ:

నమస్కారమండి అందరికీ. మాది ముమ్మిడివరం దగ్గర ఒక పల్లెటూరు. నలుగురు స్నేహితులం కలిసి 40 నిమిషాల సినిమా ఒకటి తీస్తున్నాం, నిర్మాత అంటూ ఎవరూ లేరు, తలా కొంత వేసుకున్నాం. కథంతా 1986 ఆగస్టు వరదలో ఒక్క రాత్రి. గోదారి మధ్య లంకలో తాటాకు పాక, ఒక ముసలాయన, ఆయన మనవరాలు. నీళ్ళు అరుగెక్కి గుమ్మం దాటేసరికి ఇద్దరూ పాక కొప్పు మీదకెక్కి తెల్లారేదాకా కూర్చుంటారు. మాటలు తక్కువ, నీళ్ళు ఎక్కువ.

నటులు ఊళ్ళోవాళ్ళే. కెమెరా మా బావమరిదిది, మిర్రర్‌లెస్, సెకనుకి 120 ఫ్రేముల దాకా తీస్తుంది. భోజనాలు అమ్మ చూసుకుంటానంది. ఎటొచ్చీ నాలుగు విషయాల దగ్గర బండి ఆగిపోయింది. వరదలో కొట్టుకొచ్చిన చచ్చిన గేదె ఒకటి అరుగు రాటకి తగులుకుని అక్కడే ఊగుతూ ఉండాలి, అది కథలో రెండుసార్లు వస్తుంది, రెండోసారి పిల్ల దాని కొమ్ము పట్టుకుంటుంది. ఒడ్డు కోసుకుపోయి పక్క పాక గోదాట్లో పడిపోవాలి. పడవ తాడు కోస్తుండగా ముసలాయన అరచెయ్యి కొబ్బరి కత్తికి తెగాలి, ఇది బాగా దగ్గర షాటు. నాలుగోది వాన, అది సినిమా అంతా ఉంటుంది.

గేదె కోసం హైదరాబాదులో ఒక వర్క్‌షాపుకి ఫోన్ చేస్తే లక్షా నలభై వేలన్నారు, ట్రాన్స్‌పోర్టు మళ్ళీ మనదేనట. ఆ డబ్బుకి బతికున్న ముర్రా గేదే వస్తుంది కదండీ, పాలు కూడా ఇస్తుంది. రక్తం మాత్రం సొంతంగా ప్రయత్నించాం. బెల్లం పాకంలో ఎర్ర రంగు కలిపి పెరట్లో టెస్ట్ షాటు పెట్టాం, పావుగంటలో చీమలు, తర్వాత ఈగలు, ఆఖరికి ఒక కందిరీగ. తాత వేషం వేస్తున్న మా పెదనాన్న "కత్తి తెగుద్దన్నారు గానీ కందిరీగ కుడుద్దని చెప్పలేదేంట్రా" అని లేచి వెళ్ళిపోయాడు. పంచె మీద మరక ఇంకా పోలేదు, పెద్దమ్మ నాతో మాట్లాడటం లేదు.

గ్రాఫిక్స్ వద్దనుకున్నాం. సిద్ధాంతం లాంటిదేమీ లేదు, చేసేవాళ్ళు లేరు, అంతే. చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఎంత చిన్న సంగతైనా పర్లేదు.

వెదురుబద్ద:

ఆయ్, గేదె సంగతి నాకొదిలెయ్యండి. పదకొండేళ్ళు ఆర్ట్ డిపార్ట్‌మెంట్లో అసిస్టెంటుగా చేసి ఇప్పుడు అంబాజీపేట దగ్గర ఇంటిపట్టున ఉంటున్నాను.

మీరు గేదెనంతా చేయిద్దామనుకున్నారు కాబట్టే లక్షా నలభై. నీళ్ళలో చచ్చిన గొడ్డుని చూసే ఉంటారు కదా, ఒకసారి గుర్తు తెచ్చుకోండి. రెండు మూడు రోజులకి పొట్ట ఉబ్బి పక్కకి ఒరిగి తేలుతుంది. తల బరువుకి కిందకి వేలాడిపోతుంది. నీళ్ళ పైన కనిపించేది ఉబ్బిన డొక్క, కర్రలా బిగుసుకుపోయిన ముందుకాలొకటి, వెనకకాలొకటి, కాస్త మెడ, ఒక చెవి, ఒక కొమ్ము. ఆ కనిపించేదే చెయ్యండి, మిగతాది గోదారి దాస్తుంది.

పంక్చరు షాపులో పాత లారీ ట్యూబొకటి తీసుకోండి. గాలి ముప్పాతిక మేరకి కొట్టించండి, నిండా కొడితే నీళ్ళ మీద బంతిలా ఎగురుతుంది. దాన్ని పడుకోబెట్టి, పైన వెదురు బద్దలతో బుట్ట బోర్లించినట్టు డొప్ప కట్టాలి. పొడవు నాలుగున్నర అడుగులు, ఎత్తు అడుగున్నర. వెన్ను వైపు బద్దలు దగ్గర దగ్గరగా, పొట్ట వైపు దూరంగా కట్టండి, ఉబ్బిన పొట్ట నున్నగా ఉండి వెన్ను దగ్గర మాత్రం ఎముకలు తెలియాలి. బద్ద వంచడం మీకు చేతకాకపోతే కనుమనాడు జరిగే జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు (వెదురుతో కట్టే ఎత్తైన ఊరేగింపు చట్రాలు) కట్టేవాళ్ళని అడగండి. కనుమ దాటాక వాళ్ళకి తీరికే, వాళ్ళ చేతుల్లో బద్ద మాట విన్నట్టు మన చేతుల్లో వినదు.

డొప్ప మీద గోనె, గోనె మీద చర్మం. చర్మానికి ఇంకో పాత ట్యూబు చీల్చి పరచండి, పంక్చరు సొల్యూషన్‌తోనే అతుక్కుంటుంది. తడిసిన నల్ల రబ్బరుకీ తడిసిన గేదె తోలుకీ కెమెరాలో తేడా తెలియదండి, ఇది నేను చాలాచోట్ల వాడాను. కాకపోతే రబ్బరు మరీ నిగనిగలాడుతుంది, ఇసక కాగితంతో ఒకసారి రుద్ది, ఒండ్రు మట్టిని జిగురు నీళ్ళలో కలిపి పులమండి. మామూలు తెల్ల ఫెవికాల్ అయితే నీళ్ళలో పాలలా కరిగిపోతుంది, మెరైన్ రకం కొనండి. కొబ్బరి పీచుకి నల్ల రంగు వేసి ఆరబెట్టి వెన్ను మీద, తోక కుచ్చు దగ్గర అక్కడక్కడ మాత్రమే అంటించండి. నేను మొదటిసారి ఒళ్ళంతా అంటించేశాను, డైరెక్టరు గారు వచ్చి చుట్టూ తిరిగి చూసి "ఈ ఎలుగుబంటిని ఎవరు తెచ్చారు" అన్నారు.

కాళ్ళకి రెండంగుళాల పీవీసీ పైపు, మోకాలు దగ్గర గుడ్డలు చుట్టి లావు చెయ్యండి. గిట్టలకి కొబ్బరి చిప్ప ముక్కలు రెండేసి.

ఇక కొమ్ము. పిల్ల పట్టుకునేది అదే, దగ్గర షాటు కూడా అదే అయ్యుంటుంది, కాబట్టి రెండు రోజులు దీని మీదే కూర్చోండి. ఎండిన కొబ్బరి మట్ట మొదలు తీసుకుంటే సగం వంపు దానికే ఉంటుంది, కత్తితో మిగతాది చెక్కాలి. తర్వాత మొదట్నుంచి సగం దాకా సన్న పురికొస దారం చుట్టండి, మొదట్లో దగ్గరగా, పైకి పోయేకొద్దీ ఎడంగా. దాని మీద ఎంసీల్ పలచగా మెత్తి, ఆరాక రుద్దితే దారం ఉన్నచోటల్లా వయసు గీతలు తేలతాయి. నల్ల రంగు, పైన కొబ్బరి నూనె. పిల్ల వేళ్ళకి ఆ గీతలు తగులుతాయి కదా, మొహంలో ఏదో మారుతుంది, అది మీకు ఫ్రీ.

గేదె ముక్కు దగ్గర, కంటి దగ్గర కాస్త బెల్లం నీళ్ళు రాయండి. మీ రక్తానికొచ్చిన ఈగలు అక్కడ పనికొస్తాయి.

తిరగబడటం గురించి కూడా చెప్పాలి. ట్యూబు తేలుతుంది, బరువంతా పైన ఉంటుంది, గోనె నీళ్ళు తాగుతుంది, ఎప్పుడో ఒకప్పుడు బోల్తా కొడుతుంది. ట్యూబు మధ్యలోంచి కిందకి పదిహేను కిలోల ఇసక మూట వేలాడదీయండి.

ఇంకోటి, "బతికున్న గేదెనే కాసేపు పడుకోబెడదాం" అని సెట్లో ఎవడో ఒకడు అంటాడు. వినకండి. సినిమాలో జంతువుని వాడాలంటే 2001 నాటి పెర్ఫార్మింగ్ యానిమల్స్ నిబంధనల ప్రకారం జంతు సంక్షేమ బోర్డు అనుమతి ముందే తెచ్చుకోవాలి, సెన్సారు దగ్గర ఆ కాగితం అడుగుతారు. మీ గేదె బొమ్మే అయినా నమ్మించడానికి తయారీ ఫోటోలు, వీడియోలు అన్నీ దాచుకోండి.

రెండర్‌బాబు:

బ్రో, ఈ రోజుల్లో ట్యూబులు, గోనెసంచులు ఎందుకు? ఏఐలో గేదె అంటే గేదె, వరద అంటే వరద. ఒక నెల సబ్‌స్క్రిప్షన్ తీసుకుంటే మీ నాలుగు సమస్యలూ ఒక్క రాత్రిలో అయిపోతాయి.

వెదురుబద్ద:

పిల్ల కొమ్ము పట్టుకోవాలి బ్రో. ఏం పట్టుకోమందాం?

రెండర్‌బాబు:

సరే సరే, ఒప్పుకున్నా. అయితే ఫ్రేములో తాడో, ట్యూబు వాల్వో, ఎవరిదైనా చెప్పో కనిపిస్తే నాకు పంపండి, తుడిచేసి ఇస్తా. డబ్బులేమీ వద్దు, టైటిల్స్‌లో పేరు చాలు.

ఫోకస్_రాజోలు:

గేదె గురించి పైన అన్నగారు చెప్పినదానికి నేను కలిపేదేమీ లేదు. పాక సంగతి చెప్తాను, ఎందుకంటే మాది ఒడ్డు కోతలో రెండెకరాల కొబ్బరితోట పోగొట్టుకున్న ఇల్లు, ఒడ్డు ఎలా పడుతుందో చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను.

పైన ఒండ్రు గట్టిగా ఉంటుంది, కింద ఇసక పొర. ప్రవాహం ఆ ఇసకని లోపల్లోపల తోడుకుంటూ పోతుంది. పైన ఒండ్రు చూరులా వేలాడుతూ ఉంటుంది, ముందు గడ్డిలో సన్నగా పగులు తీస్తుంది, ఆ పగులు చూసి ఆవుల్ని ఇవతలికి తోలుకుంటాం, తర్వాత గంటకో పూటకో దిమ్మ దిమ్మంతా దభాలున దిగిపోతుంది. మీ చిన్న ఒడ్డుని కూడా సరిగ్గా అలాగే కట్టండి. కింద అడుగు మందాన ఇసక, పైన ఆరంగుళాల ఒండ్రు తడి తడిగా కొట్టి ఒక పూట ఆరనివ్వండి. నీళ్ళు ఒదిలితే దానంతట అదే పడుతుంది. సరైన టైముకి పడాలంటే దిమ్మ వెనక నిలువుగా ఒక బైండింగ్ వైరు పూడ్చిపెట్టి ఉంచండి, లాగితే అక్కడే విరుగుతుంది.

సైజు ఆరో వంతు తీసుకోండి. 18 అడుగుల పాక మూడడుగులు అవుతుంది. అంతకంటే చిన్నది చెయ్యొద్దు. గడ్డిని చిన్నది చెయ్యగలం, తలుపుని చిన్నది చెయ్యగలం, నీటి బొట్టుని చెయ్యలేం. బొమ్మ వరదలు దొరికిపోయేది అక్కడే, పాక గుమ్మం పక్కన చుక్క గుమ్మడికాయంత కనిపిస్తుంది. నీళ్ళలో షాంపూ కొంచెం కలిపితే బొట్టు కాస్త చితుకుతుంది, నురగ వచ్చినా పర్లేదు, వరద నీటికి నురగ ఎలాగూ ఉంటుంది. ఇటుక పొడి, ఒండ్రు కలిపి ఎర్ర నీరు చెయ్యండి.

ఇప్పుడు వేగం. చిన్న పాక తక్కువ ఎత్తు నుంచి పడుతుంది కాబట్టి చటుక్కున పడిపోతుంది, ఆ తొందరే అది బొమ్మ అని చెప్పేస్తుంది. ఆరో వంతు సైజుకి ఆరు వర్గమూలం చూడండి, సుమారు 2.45. సినిమా సెకనుకి 24 ఫ్రేముల్లో ఆడుతుంది కాబట్టి దాన్ని 24తో గుణిస్తే 59, అంటే సెకనుకి 60 ఫ్రేముల్లో తీసి 24లో ఆడించాలి. కెమెరాలో 120 ఉంది కదా అని నేను ఒకసారి అంతా వాడాను, గోడ దూదిలా మెల్లగా తేలుతూ దిగింది, చూసినవాళ్ళు చందమామ మీద తీశావా అన్నారు.

రాత్రి సీనే అయినా పగలు తీయండి. దగ్గర్నుంచి తీస్తే ఫోకస్ పలచబడి బొమ్మ అని తెలిసిపోతుంది, అది తప్పించాలంటే ఎపర్చర్, అంటే లెన్స్ లోపలి రంధ్రం, 11 నంబరు దాకా మూసెయ్యాలి, ఆ వెలుతురు మన దగ్గరున్న లైట్లతో రాదు. మబ్బు పట్టిన మధ్యాహ్నం తీసి రెండు స్టాపులు తగ్గించి నీలం కలుపుకోవచ్చు. తప్పనిసరై కరెంటు లైట్లు పెడితే షట్టర్ 1/100 దగ్గర ఉంచండి, మన సప్లై 50 హెర్ట్జ్, లేకపోతే బొమ్మ మినుకు మినుకుమంటుంది. లెన్స్ ఎత్తు బొమ్మ నేల మీద నుంచి పదంగుళాలకి మించకూడదు, అయిదడుగుల మనిషి కన్ను ఆరో వంతులో అక్కడే ఉంటుంది. పై నుంచి తీస్తే ఎంత బాగా కట్టినా బొమ్మరిల్లే.

పాక కప్పుకి తాటాకు వద్దు, లావుగా కనిపిస్తుంది. కొండచీపురు పుల్లలు కోసి వరసలుగా కట్టండి. తడికెలకి కొబ్బరి ఈనెలు అల్లండి. లోపల పసుపు ఎల్‌ఈడీ ఒకటి రెండు సెల్స్‌తో పెట్టి, వైరు మాత్రం తలవెంట్రుకంత సన్నది వాడండి. ఒడ్డు దిగేటప్పుడు వైరు తెగి దీపం ఆరిపోతుంది. నేను ఆ షాటు తీసినప్పుడు అది అనుకోకుండా జరిగింది, ఇప్పుడు కావాలని చేస్తున్నాను.

గొయ్యి పదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, టార్పాలిన్ వేసి. 200 లీటర్ల డ్రమ్ములు రెండు ఎత్తున పెట్టి రేకు మీదుగా ఒకేసారి ఒదలాలి. రెండు కెమెరాలు పెట్టండి, ఫోన్ అయినా సరే. ఒడ్డు మళ్ళీ కట్టుకోవాలంటే పూట పడుతుంది.

సైన్సుమాస్టారు:

బాబూ, 86లో నేను ముక్తేశ్వరం దగ్గర బళ్ళో పనిచేస్తున్నాను. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షలకే ఎగరేస్తారు, దానికి రెట్టింపు అనుకో. ఆ నీళ్ళలో నేను చూసినవాటిలో గేదెల కంటే ఎక్కువగా గుర్తుండిపోయినవి గడ్డిమేట్లు. మేటుకి మేటు తేలుతూ వచ్చేది, దాని మీద కోళ్ళు, ఆ కోళ్ళకి జానెడు దూరంలో పాము. ఏదీ దేన్నీ ముట్టుకునేది కాదు. మీకు ఖర్చు లేని వస్తువు అది, ట్యూబు మీద నాలుగు మోపుల గడ్డి వేసి ఒదలండి. నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు, రంగు పట్టాలు ఫ్రేములో పడనియ్యకండి, ఆ రోజుల్లో మా లంకల్లో ఇత్తడి బిందెలు, కుండలే.

రక్తానికి నా దగ్గరొక ఉపాయం ఉంది. బాబాలు నిమ్మకాయ కోసి రక్తం తెప్పించే గారడీలని జనవిజ్ఞాన వేదిక వాళ్ళు బళ్ళలో చేసి గుట్టు విప్పేవారు, నేనూ పిల్లలకి చేసి చూపించాను. పెళ్ళిలో పారాణి నీళ్ళు ఎలా ఎర్రబడతాయి? పసుపులో సున్నం. మీ పెదనాన్న గారి అరచేతికి పసుపు నీళ్ళు రాసి ఆరనివ్వండి. మొద్దు కత్తి అంచుకి పలచటి సున్నపు తేట తడి చెయ్యండి. కత్తిని మెల్లగా లాగితే లాగినచోటల్లా ఎర్ర గీత దానంతట అదే పుడుతుంది, ఏ గొట్టమూ అక్కర్లేదు. పగలైతే చెయ్యి పసుపుగా తెలిసిపోతుంది గానీ మీది లాంతరు వెలుగు, ఆ వెలుగే పసుపు కాబట్టి ఏమీ తెలియదు. షాటు బాగా రాకపోతే నిమ్మరసంతో తుడవండి, మళ్ళీ పసుపుగా మారిపోతుంది, రెండో టేక్‌కి సిద్ధం.

తేట మాత్రమే వాడాలి, ముద్ద సున్నం కాదు. చేతికి నిజంగా చిన్న గాయం ఉన్నా వద్దు. కంట్లో పడకూడదు, వెంటనే కడిగెయ్యాలి.

అద్దంపెట్టె:

మాస్టారూ, మీ గీత బాగుందండి, కానీ గీత పడ్డాక కారాలి కదా, అది నా వంతు. నేను రావులపాలెంలో పెళ్ళికూతుళ్ళకి మేకప్ చేస్తాను, నాటకాలకీ వెళ్తుంటాను.

తమ్ముడూ, బెల్లం మానెయ్యి. స్వీట్లు చేసేవాళ్ళకి దొరికే లిక్విడ్ గ్లూకోజ్ అరకిలో తెచ్చుకో, గోరువెచ్చని నీళ్ళతో కొంచెం పలచన చెయ్యి. ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు కోకో పొడి, నీలం ఒక్క చుక్క. కోకో లేకపోతే రక్తం రోజ్‌మిల్క్‌లా ఉంటుంది. ఇందులో సగం వేరే సీసాలో తీసి లిక్విడ్ సోపు కలుపు, బట్టల మీద పడేది అదే వాడు, చాలావరకు వదులుతుంది (ముందు ఒక గుడ్డ ముక్క మీద చూసుకో, పెద్దమ్మ ఇంకోసారి క్షమించదు). నోటి దగ్గరకి మాత్రం సోపు లేనిది. తీపే కాబట్టి చీమలు దీనికీ వస్తాయి, కాకపోతే రాత్రి షూటింగు, ఈగల బాధ ఉండదు.

కారడానికి సెలైన్ ట్యూబు, 20 ఎంఎల్ సిరంజి. ట్యూబుని కత్తి అవతలి వైపు, కెమెరాకి కనపడకుండా అంటించి, సిరంజి కెమెరా వెనక ఒకళ్ళు పట్టుకోవాలి. కత్తి నిజమైనది వద్దు. అచ్చం అలాంటిదే చెక్కతో చేయించి అల్యూమినియం రంగు వేయించు, అంచు మీద చీకటిలో మెరవడానికి వంటింటి ఫాయిల్ సన్నగా ఒక పట్టీ.

అడగలేదు గానీ ఒకటి చెప్తాను. రాత్రంతా నీళ్ళలో నానిన చెయ్యి తెల్లారాక ఎలా ఉంటుంది? తెల్లగా పాలిపోయి ముడతలు పడి ఉంటుంది. దానికి నేను ఆత్రేయపురం రేకు వాడతాను. పూతరేకుల్లోకి వాడే ఉత్త రేకే, నెయ్యీ పంచదారా పెట్టనిది. చేతికి తుమ్మ జిగురు పలచగా రాసి, రేకు చింపి వేసి, తడి వేలితో అద్దితే చర్మానికి అతుక్కుని ముడుచుకుంటుంది. చివర్లు లేపి వదిలేస్తే తోలు ఊడినట్టే ఉంటుంది, మా అత్తగారు చూసి కెవ్వుమన్నారు. వాన షాట్లలో మాత్రం పనికిరాదు, నిమిషంలో గంజి. వాన వెలిశాక తీసే షాట్లకే.

రొయ్యలచెరువు:

వాన గురించి నాలుగు ముక్కలు. అంగుళం పీవీసీ పైపుకి రెండు మిల్లీమీటర్ల బెజ్జాలు వేసి, బెజ్జాలు పైకి ఉండేలా కట్టండి. నీళ్ళు పైకి లేచి విడిపోయి పడాలి, కిందకి చిమ్మితే కుళాయి కింద స్నానంలా ఉంటుంది. లైటు వాన వెనక నుంచి రావాలి, ముందు నుంచి వేస్తే ఎంత వాన కురిసినా కెమెరాకి కనపడదు. గాలికి ధాన్యం తూర్పారపట్టే ఫ్యాను అద్దెకి తెచ్చుకోండి, పాక కప్పు లేచేంత గాలి వస్తుంది.

ఎవరో ఒకరు పొలం నుంచి పవర్ స్ప్రేయర్ తెస్తారు, వాన బాగా వస్తుంది అంటారు. అందులో నిన్నటిదాకా కొట్టింది పురుగుమందు. ఎంత కడిగినా ట్యాంకులో, గొట్టంలో ఉంటుంది, అది పిల్ల మొహం మీద పడుతుంది. కొత్తది కొనండి, లేకపోతే మానెయ్యండి. దోమల ఫాగింగ్ మిషనుతో పొగ పెట్టడం కూడా ఇలాంటిదే, పొగమంచు కావాలంటే కొబ్బరి పీచు, సాంబ్రాణి చాలు.

అలలకి చెరువు ఏరేటరు (రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే మిషను) భలే పనిచేస్తుంది, అడిగితే నేనే ఇస్తాను. కానీ అది త్రీఫేజ్ కరెంటు. అది తిరుగుతున్నంతసేపు నీళ్ళలో మనిషి కాలు పెట్టకూడదు, బొమ్మ పాక షాటుకి మాత్రమే వాడండి. మనుషులున్న షాట్లకి ఒడ్డు మీద పెట్రోల్ ఇంజను పంపు పెట్టుకోండి, సౌండ్ ఎలాగూ డబ్బింగే కదా. లైట్ల లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) లేకుండా ఒక్క బల్బు కూడా వెలిగించకండి. చెరువుల దగ్గర కరెంటు ఎలా పట్టుకుంటుందో నేను కళ్ళారా చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

కాలువలో తీసేట్టయితే వేసవిలో కట్టెయ్యకముందే తీసుకోండి, తర్వాత జూన్ దాకా నీళ్ళుండవు.

లంకపడవ:

అందరికీ పేరుపేరునా థాంక్సండి. ఐదు వారాలయింది, అప్‌డేట్ ఇవ్వకపోతే బాగోదని రాస్తున్నాను.

గేదెకి మొత్తం 7,800 అయింది, ప్రభలు కట్టే ఇద్దరికి రెండు రోజుల కూలీతో సహా. మొదటి రోజు కాలువలో దించాం. ఇరవై నిమిషాలు రాజాలా తేలింది. తర్వాత వెన్ను వైపు గోనె నీళ్ళు తాగేసి, వెదురుబద్ద గారు చెప్పినట్టే మెల్లగా ఒరిగి తిరగబడింది, రెండు పీవీసీ పైపులు, లారీ ట్యూబు, దాని మీద "గాలి నింపరాదు" అని పంక్చరు షాపు వాడు సుద్దతో రాసింది, అన్నీ ఆకాశంలోకి చూస్తూ. ఇసక మూట కట్టాం గానీ తాడు పొడవు చాలలేదు. ఇంకో అడుగు పొడవు పెంచి, రెండు పక్కలా మోటార్‌సైకిల్ ట్యూబులు నీటి మట్టానికి కింద కట్టాం, ఇక కదల్లేదు. వెన్ను మీద గోనెకి కింద నుంచి బెజ్జాలు పెట్టాం, తాగిన నీళ్ళు కారిపోతున్నాయి.

పసుపు-సున్నం షాటు రెండో టేక్‌లో ఓకే అయింది. మానిటర్లో గీత పుడుతుంటే పెద్దమ్మ "అయ్యో" అని లేచింది, కాబట్టి ఇప్పుడు మాట్లాడుతోంది. పాక మూడుసార్లు కట్టాం. మొదటిసారి వైరు లాగితే వైరే తెగింది, రెండోసారి డ్రమ్ము ముందే ఒలికింది. మూడోసారి పగులు వచ్చి ఆగింది, ఎవరం మాట్లాడలేదు, నాలుగు సెకన్లు, తర్వాత దీపంతో సహా దిగిపోయింది. మా బావమరిది కట్ చెప్పడం మర్చిపోయాడు.

ఒక్క చిక్కు వచ్చింది. షూటింగయ్యాక గేదెని రేవులోనే తాడుతో కట్టి ఇళ్ళకి వెళ్ళాం, తెల్లారి మళ్ళీ తీద్దామని. పొద్దున్నే పంచాయతీ నుంచి ఫోన్. కింది ఊరివాళ్ళు కాలువలో గొడ్డు చచ్చి వాసన వస్తోందని ఫిర్యాదు చేశారట. వాసన కూడా వచ్చిందట! నేను వెళ్ళేసరికి పంచాయతీ మనుషులిద్దరు ముక్కుకి తువ్వాళ్ళు కట్టుకుని, గునపాలు పట్టుకుని ఒడ్డున గొయ్యి తవ్వుతున్నారు, సగం తవ్వేశారు కూడా. గేదె మీద రెండు కాకులు. తయారీ ఫోటోలు ఫోన్లో ఉన్నాయి కాబట్టి చూపించాను. పెద్దాయన నమ్మలేదు, నీళ్ళలోకి దిగి కొమ్ము పట్టుకుని ఊపి చూసి, వేలితో ఆ గీతలు తడిమి, "ఎంసీలా?" అని అడిగాడు.

తవ్విన గొయ్యికి కూలీ నేనే ఇచ్చాను, 600. అది కూడా బడ్జెట్లో రాసుకున్నాం.